ఒప్పులకుప్ప ఆగాక

చెల్లీ, నువ్వు పంపిన వీడియో చూశానే. నీ చిన్నదీ పక్కింటి పిల్లా చేతులు పట్టుకుని డాబా మీద ఒప్పులకుప్ప తిరుగుతున్నారు. నువ్వేమో వెనక నుంచి "పడతారే, చాలిక" అని కేకలు. ఆగారు, చెరో పక్కకీ తూలి కూలబడ్డారు, పకపకా నవ్వులు. బాగుంది. కానీ నువ్వు ఫోను వాళ్ళ కాళ్ళ మీద పెట్టావు. అసలు తమాషా కళ్ళలో ఉంటుంది.

వీడియో కింద నువ్వు చిన్నగా రాసిన మాట కూడా చూశాను. "నాకూ ఈమధ్య ఇలాగే తిరుగుతోందక్కా, తిరగకుండానే" అని రాసి పక్కన నవ్వు బొమ్మ పెట్టావు. నవ్వు బొమ్మ పెడితే అక్క కంగారు పడదనుకున్నావు కదా. దాని సంగతికి వస్తాను. ముందు నీ చిన్నదాని కళ్ళ సంగతి విను, అది తెలిస్తే నీది సగం తెలిసినట్టే.

ఈసారి అది తిరగడం ఆపగానే గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూడు. నల్లగుడ్డు ఓ పక్కకి మెల్లగా జారుతుంది, టక్కున వెనక్కి ఎగురుతుంది. మళ్ళీ జారుతుంది, మళ్ళీ ఎగురుతుంది. పావు నిమిషం, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. అది కావాలని చేస్తున్నది కాదు, ఆపమని కసిరినా ఆగదు. డాక్టర్లు దీన్ని నిస్టాగ్మస్ అంటారు. డాబా అంతా గిర్రున తిరుగుతున్నట్టు దానికి కనబడుతోందంటే ఆ జారుడు వల్లే. ఆ కళ్ళని అలా జారుస్తున్నది చెవి.

చెవే. బయాలజీలో అర్ధవర్తుల కుల్యలు అని బట్టీ పట్టాం గుర్తుందా? వినికిడి భాగానికి ఆనుకుని, గట్టి ఎముకలో దాక్కుని, ఒక్కో వైపు మూడు సన్నటి గొట్టాలు. ఒకటి ఇంచుమించు అడ్డంగా, రెండు నిలువుగా, మూడూ మూడు దిక్కులకి. లోపల ద్రవం. తల తిప్పగానే గొట్టం తలతో పాటే తిరుగుతుంది, ద్రవం ఓ క్షణం వెనకబడుతుంది. దారికి అడ్డంగా జిగురులాంటి తెర ఒకటుంది, పేరు క్యుపులా. ద్రవం వెనకబడితే అది ఒంగుతుంది. ఆ ఒంపుని సన్నటి రోమాలున్న కణాలు పసిగట్టి నరానికి కబురు పెడతాయి. పిల్లలు ఒకే వేగంతో చాలాసేపు తిరిగేసరికి ద్రవం కూడా వాళ్ళతో సమంగా తిరగడం మొదలెడుతుంది, తెర నిటారుగా నిలబడిపోతుంది. అప్పుడు ఠక్కున ఆగారనుకో. చెంబులో నీళ్ళు గిరగిరా తిప్పి చెంబుని ఆపితే లోపలి నీళ్ళు ఆగవు కదా, ఇక్కడా అంతే. తెర ఈసారి ఎదురు దిక్కుకి ఒంగుతుంది. ఒళ్ళు ఆగిపోయింది, చెవి మాత్రం "ఇప్పుడు ఇటు తిరుగుతున్నాం" అంటుంది. కళ్ళు ఆ మాట నమ్మి జారతాయి.

కళ్ళు అంత గుడ్డిగా చెవిని ఎందుకు నమ్మాలి అంటావేమో. నమ్మకపోతే ఈ పేజీ కూడా చదవలేవు. ఇప్పుడే చేసి చూడు. పేజీని కదలకుండా పట్టుకుని, చంటిపిల్లలు పాలు వద్దన్నట్టు తల అటూ ఇటూ గబగబా ఊపు. అక్షరాలు చక్కగా కనబడతాయి. తర్వాత తల కదపకుండా పేజీని అంతే జోరుగా ఊపు. అంతా అలికేసినట్టయిపోతుంది. రెండింటిలోనూ ఊపు ఒకటే. పేజీ కదిలితే దాన్ని వెంబడించే పని చూపుది. కంటి వెనక పొర చూడాలి, మెదడు లెక్క వేయాలి, అప్పుడు గుడ్డు కదలాలి. ఇంతా జరగడానికి సెకనులో పదో వంతు పడుతుంది. తల కదిలితే చెవి ఆ లెక్కల జోలికి పోదు. సెకనులో వందో వంతులోనే గుడ్డుని ఎదురు దిక్కుకి తోసేస్తుంది. తల ఎంత కుడికి వెళితే కన్ను అంత ఎడమకి. మధ్యలో ఉన్నది వరసగా మూడే నరకణాలు. చెవి నుంచి మెదడు కాండానికి ఒకటి, అక్కడి నుంచి కంటి కండరాల కేంద్రానికి ఒకటి, కేంద్రం నుంచి కండరానికి ఒకటి. స్పెయిన్ శాస్త్రవేత్త లొరెంతె ద నో 1933లో ఈ దారిని వర్ణించాడు. మన ఒంట్లో ఇంత పొట్టి దారిలో, ఇంత తొందరగా జరిగే పనులు చాలా తక్కువ.

ఇంకో ముచ్చట ఏమిటంటే, ఒక్కో కంటికీ ఆరు కండరాలు, మూడు జతలు. ఆ జతలు గుడ్డుని తిప్పే దిక్కులూ చెవిలో మూడు గొట్టాలు పరుచుకున్న దిక్కులూ ఇంచుమించు ఒకటే. ఈ గొట్టం కదిలితే ఈ జత లాగాలి అని ముందే రాసిపెట్టి ఉన్నట్టు. ఫ్రాన్సులో ఫ్లూరాన్స్ అనే ఆయన 1820లలో పావురాల చెవుల్లో ఒక్కో గొట్టం కోసి చూశాడు. ఏ గొట్టం కోస్తే పావురం తల ఆ దిక్కుకే ఊగేదట. పాపం పావురాలు.

ఇది పుస్తకంలో చదివితే నాకు అంతగా ఎక్కేది కాదు. జగదల్‌పూర్ వచ్చి, ఈ బస్తర్ గౌర్ మారియా తెగవాళ్ళ ఆట చూశాకే ఎక్కింది. ఫోటోల్లో చూసే ఉంటావు. మగవాళ్ళు తలకి అడవి దున్న కొమ్ముల కిరీటం కట్టుకుంటారు, ఈకల కుచ్చు పెడతారు, ముఖం మీదికి గవ్వల సరాలు తెరలాగా వేలాడతాయి. మెడలో పెద్ద డోలు. ఆడవాళ్ళు తలకి ఇత్తడి పట్టీలు కట్టి, గజ్జెలున్న ఇనప కర్రలు నేలకి కొడుతూ అడుగేస్తారు. 1938లో గ్రిగ్సన్ దొర బస్తర్ మారియాల మీద పుస్తకం రాసి, ఈ కిరీటాన్ని బట్టే వీళ్ళని "బైసన్ హార్న్ మారియా" అన్నాడు. తర్వాత వెరియర్ ఎల్విన్ అనే ఆయన కూడా ఈ ఆట మీద మనసు పారేసుకున్నాడు. ఆట మంచి ఊపులో ఉండగా ఇద్దరు మగవాళ్ళు పోట్లగిత్తల్లాగా ఎదురెదురుగా వచ్చి కొమ్ములు విసురుకుంటారు. తల కిందికి, పైకి, పక్కకి.

నాకు భయం వేసింది, కొమ్ము కంట్లో గుచ్చుకోదా అని. ఎవరికీ ఏమీ కాలేదు. ఎదుటివాడి కొమ్ము ఎంత దూరంలో ఉందో ఆ విసురులోనూ వాళ్ళకి తేటగా తెలుస్తోంది. వట్టి చూపుని నమ్ముకుంటే అది కుదరదు. సెకనుకి ఓసారి ఊగే వస్తువుని వెంబడించడమే చూపుకి కష్టం, అంతకన్నా జోరైతే చేతులెత్తేస్తుంది. చెవి దారికి సెకనుకి నాలుగైదు ఊపులన్నా లెక్కలేదు. డోలు వాయిస్తూ, నెత్తిన బరువుతో, గవ్వలు ముఖానికి కొట్టుకుంటుంటే కూడా వాళ్ళకి ఎదుటి మనిషి నిలకడగా కనబడుతున్నాడంటే ఆ నిలువు గొట్టాల పుణ్యమే. ఆటగాళ్ళ కాళ్ళని అందరూ మెచ్చుకుంటారు, డోలుని మెచ్చుకుంటారు. చెవిని మెచ్చుకున్నవాళ్ళని నేను చూళ్ళేదు.

మన కథక్ అమ్మాయిల చక్కర్లు వేరే దారి. వాళ్ళు ఒంటిని తిప్పుతూ తలని మాత్రం వీలైనంతసేపు ఎదుట ఒకే చోట నిలిపి, ఆఖరి క్షణంలో గిరుక్కున తిప్పేస్తారు. తల తిరిగే సేపు తగ్గితే గొట్టాల్లో ద్రవం ఊపందుకోదు.

ఇక్కడో రసవత్తరమైన సంగతి చెప్పాలి, మరిదిగారు పక్కన లేకుండా చదువు. బస్తర్‌లో సల్ఫీ అని తాగుతారు. మన అరకు వైపు జీలుగు కల్లు అంటామే, అదే చెట్టు, అదే కల్లు. ఇప్పపూల సారా సరేసరి. మీ బావగారి స్నేహితుడు ఒకాయన పల్లెలో పెళ్ళికి వెళ్ళి రెండూ కలిపి పట్టించి, రాత్రి మా ఇంట్లో పడుకున్నాడు. కూర్చున్నంతసేపూ ధీమాగా కబుర్లు చెప్పాడు. పక్కకి తిరిగి పడుకున్నాడో లేదో "వదినగారూ, మంచం తిరుగుతోందండీ" అని కేక. మీ బావగారికి నవ్వు. నాకు మాత్రం ఆయన కళ్ళు చూడాలని సరదా పుట్టింది, మర్యాద కాదని ఊరుకున్నాను.

మంచం ఎందుకు తిరుగుతుందో తెలుసా? గొట్టంలో ద్రవమూ, జిగురు తెరా మామూలుగా ఒకే సాంద్రతతో ఉంటాయి. అందుకే నువ్వు నిలబడ్డా పడుకున్నా తెర ఒంగదు, తల తిరిగినప్పుడే ఒంగుతుంది. సారా నీళ్ళకన్నా తేలిక. అది నెత్తుట్లోకి ఎక్కాక ముందు తెరలోకి చేరుతుంది, ఎందుకంటే సన్న రక్తనాళాలు దానికి దగ్గర. ద్రవంలోకి చేరడానికి ఇంకా టైము పడుతుంది. ఈలోగా తెర తేలికైపోయి ద్రవంలో పైకి తేలబోతుంది. నిటారుగా కూర్చుంటే పెద్దగా తెలియదు, ఒరిగి పడుకుంటే ఒంగిపోతుంది. మెదడుకి "తిరుగుతున్నాం" అని కబురు, కళ్ళు ఒకటే జారుడు, మంచం గిరగిర. కొన్ని గంటలకి ద్రవంలోకి కూడా సారా చేరి రెండూ సమం అవుతాయి, కాస్త నెమ్మదిస్తుంది. తర్వాత దిగేటప్పుడు మళ్ళీ తెరలోంచే ముందు దిగుతుంది. ఇప్పుడు తెర బరువు, ద్రవం తేలిక. తెల్లవారుజామున మంచం మళ్ళీ తిరుగుతుంది, ఈసారి ఎదురు దిక్కుకి! పొద్దున్నే కాస్త పుచ్చుకుంటే తగ్గుతుందని తాగుబోతులు అనేదాంట్లో ఈ పాటి లెక్క ఉంది. అయితే అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టే. భారజలం తాగించి చూశారు, అది నీళ్ళకన్నా బరువు. సరిగ్గా తలకిందులుగా జరిగింది. 1970లలో కెనడాలో మనీ, మైల్స్ అనే ఇద్దరు చేసిన పని ఇది. ఆ తెర బరువులో వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, మంచం తిరిగిపోతుంది.

కళ్ళు చూసి చెవి సంగతి చెప్పొచ్చని మొదట గట్టిగా పట్టుకున్నది రాబర్ట్ బరానీ. వియన్నాలో చెవి డాక్టరు. చెవుల్లో గులిమి కడగడానికి నీళ్ళు కొట్టేవాడు. కొంతమంది తల తిరుగుతోందనేవారు. కళ్ళు చూస్తే ఊగుతున్నాయి. ఒక రోగి, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడే తనకి తిరుగుతోందని చెప్పాడు. ఇంకోసారి నీళ్ళు మరీ వేడైతే కళ్ళు ఊగాయి గానీ ఎదురు దిక్కుకి! బరానీకి అక్కడ వెలిగింది. చల్లదనం, వేడి చెవిలో ద్రవాన్ని కదిలిస్తున్నాయి. తల కదపకుండానే ఒక్కో చెవినీ విడిగా పరీక్ష చేయొచ్చు. ఈ పరీక్ష ఇప్పటికీ చేస్తున్నారు. 1914కి నోబెల్ బహుమతి ఆయనకే ఇచ్చారు. ఆ కబురు అందేనాటికి ఆయన ఎక్కడున్నాడనుకున్నావు? మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడి రష్యావాళ్ళ ఖైదులో. స్వీడన్ రాకుమారుడు పూనుకుంటే 1916లో బయటపడ్డాడు. 1983లో అంతరిక్షంలో, బరువు తెలియని చోట ఇదే పరీక్ష చేస్తే కళ్ళు ఊగాయి. వేడి ద్రవం పైకి తేలుతుందన్న ఆయన లెక్క ఒక్కటే చాలదని అప్పుడు తేలింది. పరీక్ష మాత్రం నిలిచింది.

ఇక నీ సంగతి. "తిరగకుండానే తిరుగుతోంది" అన్నావు. రాత్రి ఫోనులో గుచ్చి గుచ్చి అడిగితే చెప్పావు, పక్క మీద కుడివైపు తిరిగినప్పుడూ, దండెం మీద బట్టలు వేయడానికి తల ఎత్తినప్పుడూ అని. కాసేపే ఉంటుంది, నిమిషం లోపే పోతుంది. వినికిడి బాగానే ఉంది. నువ్వు చూపించుకున్న చోట బీపీ చూసి, నీరసం అని చెప్పి, రక్తం పట్టే మాత్రలు రాసి పంపారు. మా అత్తగారికీ అచ్చం ఇలాగే నడిచింది. పొద్దున్నే లేవబోతే "ఇల్లు తిరిగిపోతోంది కోడలా" అని మంచం కోళ్ళు పట్టుకునేవారు. ఆవిడకి ఏదొచ్చినా గ్యాసు, లేకపోతే నీరసం. మనింట్లో ఆడవాళ్ళ ఏ జబ్బుకైనా ఈ రెండు పేర్లలో ఒకటి పెట్టేస్తారు కదా. నెలల తరబడి తల తిరుగుడు మాత్రలు మింగారు. ఆఖరికి ఒక చెవి డాక్టరుగారు, చిన్న వయసాయనే, బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి పట్టుకుని, గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు, తల బల్ల అంచుకి కాస్త కిందికి వాలేటట్టు. "కళ్ళు మూయకండమ్మా" అన్నారు. ఒకటి రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత అత్తగారి కళ్ళు మెలితిరుగుతూ ఊగడం నేను పక్కనే నిలబడి చూశాను. ఆవిడ నా చెయ్యి నలిపేశారు. డాక్టరుగారు మాత్రం వెతికింది దొరికినట్టు నవ్వారు.

చెవిలో ఆ గొట్టాల పక్కనే రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో సున్నపురాయి జాతి పలుకులు, కంటికి కనిపించనంత చిన్నవి, మెత్తటి పొర మీద అంటుకుని ఉంటాయి. తల ఎటు వాలిందో, బస్సు ఎప్పుడు ఊపందుకుందో చెప్పేవి అవే. వయసు మీద పడితే, తలకి దెబ్బ తగిలితే, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా, కొన్ని పలుకులు ఊడి గొట్టంలోకి జారిపోతాయి. తల వాల్చినప్పుడల్లా అవి దొర్లి ద్రవాన్ని తోస్తాయి. చెవి మళ్ళీ పాత పాటే, "తిరుగుతున్నాం" అని. యాభై దాటినవాళ్ళలో, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. నీకు అంత వయసు లేదులే, అయినా రాకూడదని లేదు. మందుతో ఆ పలుకులు కరగవు. తలని ఒక వరసలో తిప్పుతూ, ఒక్కో చోట కాసేపు ఆపి, వచ్చిన దారినే వాటిని వెనక్కి దొర్లించాలి. అమెరికాలో ఎప్లీ అనే డాక్టరు కనిపెట్టి 1992లో అచ్చువేశాడు. తల తిప్పడం తప్ప ఏమీ చేయడం లేదని మొదట్లో తోటి డాక్టర్లే ఎగతాళి చేశారు. అత్తగారికి ఆ బల్ల మీదే పని అయిపోయింది. బయటికొచ్చి "ఇంతేనా, సూదన్నా వేయలేదు" అన్నారు.

పడుకోబెట్టి కళ్ళు చూసే పరీక్ష పేరు డిక్స్-హాల్‌పైక్. మగ డాక్టర్ల పేర్లనుకున్నాను చాలాకాలం. డిక్స్ ఆడమనిషి, మార్గరెట్ డిక్స్. లండన్‌లో సర్జన్ కావాలనుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడిలో ముఖానికీ కళ్ళకీ గాయాలయ్యాయి, కత్తి పట్టే దారి మూసుకుపోయింది. అప్పుడు చెవి, తల తిరుగుడు వైపు వచ్చి, హాల్‌పైక్‌తో కలిసి రోజంతా ఎదుటివాళ్ళ కళ్ళు చూడటమే పనిగా పెట్టుకుంది. 1952లో ఇద్దరూ ఆ పరీక్ష గురించి రాశారు. నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

1952 చెవికి తిరుగులేని ఏడాదిలే. టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టినందుకు వాక్స్‌మన్‌కి ఆ ఏడాదే నోబెల్ ఇచ్చారు. ఆ మందే లోపలి చెవి రోమకణాలని చంపేయగలదని ఒక రోగి న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో తన గోడు రాసింది కూడా ఆ ఏడాదే. ఆ రోగి డాక్టరే. టీబీ తగ్గింది, రెండు చెవుల తూకమూ పోయింది. ఆయనకి వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళ ముఖాలు పోల్చుకోవడం కుదిరేది కాదు, బోర్డు చదవాలంటే ఆగిపోవాలి. అడుగు పడిన ప్రతిసారీ లోకం ఎగిరేది. పడుకుని పుస్తకం చదువుదామంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా తల అదిరే ఆ కాస్తకీ అక్షరాలు గంతులేసేవి. మంచం తలవైపు ఇనప కడ్డీల మధ్య తల ఇరికించుకుని చదువుకున్నాడట. గుండె చప్పుడికి కూడా తల కదులుతుందని, ఆ కదలికని కూడా చెవి సర్దేస్తోందని నాకు అది చదివేదాకా తోచలేదు. ఇది పాతకాలపు కథ అని వదిలేయకు. అదే జాతి ఇంజక్షన్లు, జెంటామైసిన్ లాంటివి, ఇప్పటికీ అవసరమైనప్పుడు ఇస్తారు. అవి వేయించుకుంటున్న ఎవరైనా నడుస్తుంటే దుకాణాల బోర్డులు ఎగురుతున్నాయంటే ఆ పూటే డాక్టరు చెవిన వేయాలి.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇదే. ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళు. "కళ్ళు తిరుగుతున్నాయి" అని ఊరుకోకు. ఎప్పుడు, ఏ పక్కకి తిరిగితే, ఎంతసేపు, అన్నీ చెప్పు. పడుకోబెట్టి కళ్ళు చూడమని అడుగు, మొహమాటపడకు. యూట్యూబ్ చూసి నీకు నువ్వే మంచం మీద తల దొర్లించుకోవద్దు. ఏ చెవి, ఏ గొట్టం అన్నది తేలాకే ఏ వరసలో తిప్పాలో తెలిసేది, మెడ నొప్పి ఉన్నవాళ్ళయితే మరీ జాగ్రత్త. ఇంకో మాట. తిరుగుడుతో పాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి కాలు లాగేసినా, ఒకటి రెండుగా కనబడినా, నిలబడలేకపోయినా, ఎన్నడూ లేని తలనొప్పి వచ్చినా, అది ఈ పలుకుల పని కాకపోవచ్చు, మెదడుకి నెత్తురందక కావచ్చు. అప్పుడు ఈ కబుర్లేవీ వద్దు, పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

అమ్మకి కొత్త కళ్ళద్దాలొచ్చాయనీ, పెట్టుకుంటే నేల తేలుతోందని పెట్టెలో దాచేసిందనీ కూడా చెప్పావు. పవరు మారితే బొమ్మ సైజు మారుతుంది. తల ఇంత తిప్పితే కన్ను ఎంత తిప్పాలన్న పాత లెక్క తప్పుతుంది. ప్లస్ అద్దంలో పెద్దగా కనబడుతుంది కాబట్టి కన్ను ఇంకాస్త ఎక్కువ తిరగాలి, మైనస్ అద్దానికి తక్కువ. చిన్నమెదడు ఆ తప్పుని గమనించి కొన్ని రోజుల్లో లెక్క సరిదిద్దుతుంది. పెట్టుకుని ఇంట్లో నాలుగు పనులు చేసుకుంటూ తిరిగితేనే దానికి తప్పు తెలిసేది. పెట్టెలో దాస్తే ఎన్నాళ్ళకీ అలవాటు కాదు. అమ్మతో నేనూ మాట్లాడతాను, నా మాటైతే వింటుందని కాదు, ఇద్దరం చెబితే విసుగెత్తి పెట్టుకుంటుందని.

దసరాకి వస్తామన్నారు కదా. రండి. బస్తర్ దసరా మన పది రోజుల దసరా కాదు, డెబ్భై ఐదు రోజులు. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడి వంశం ఇక్కడ రాజ్యం చేసింది కాబట్టి దంతేశ్వరి అమ్మవారు మనకీ అమ్మవారే. రథం లాగేటప్పుడు ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. వాన బాగా పడితే చిత్రకోట్‌కి కూడా వెళదాం. ఇంద్రావతి తొంభై అడుగుల పైనుంచి దూకుతుంది. అక్కడ ఓ పని చెయ్యాలి. నీళ్ళ మీద ఒకేచోట నిమిషం సేపు రెప్ప ఆర్చకుండా చూసి, చప్పున పక్కనున్న బండ మీదికి చూపు తిప్పితే, బండ పైకి పాకుతున్నట్టుంటుంది. స్కాట్లాండ్‌లో ఆడమ్స్ అనే ఆయన ఓ జలపాతం దగ్గర ఇది చూసి 1834లో రాశాడు. ఇందులో చెవి ప్రమేయం లేదు, చూపు అలసట. చెవి ఎంత పనిమంతురాలైనా అన్నీ దాని నెత్తిన వేయకూడదు కదా.

ఎలా రావాలన్నదే ప్రశ్న. సాలూరు మీదుగా బస్సులో వస్తే ఘాట్ మలుపులకి నీ పెద్దాడి సంగతి తెలుసు, కవర్లు సిద్ధం చేసుకోవాలి. రాయపూర్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి కేశకాల్ ఘాట్ పన్నెండు మలుపులూ అంతే. వాడు చేసే తప్పల్లా బస్సెక్కగానే ఫోను తీయడం. బస్సు మలుపు తిరిగితే చెవి "కళ్ళని ఎదురు తిప్పు" అంటుంది. ఫోను మాత్రం వాడితో పాటే తిరుగుతోంది, దాని మీదే చూపు నిలవాలంటే చెవి మాట తొక్కిపెట్టాలి. మలుపు మలుపుకీ ఇదే పెనుగులాట. పైగా ఫోనేమో ఏమీ కదలడం లేదంటుంది, చెవేమో తెగ తిరుగుతున్నామంటుంది. ఆ తగువు కడుపు మీదికి వస్తుంది. డ్రైవరుకి ఎప్పుడూ వాంతులు రావు చూడు. అతని చూపు దారి మీద ఉంటుంది, మలుపు ముందే తెలుసు. లోపలి చెవులు పూర్తిగా పనిచేయనివాళ్ళకి ఓడ ప్రయాణంలో కూడా కడుపు తిప్పదు, అమెరికాలో విలియం జేమ్స్ అనే ఆయన 1882లోనే ఈ సంగతి ఆరా తీశాడు. కాబట్టి వాడిని ముందు సీట్లో కూర్చోబెట్టి, తల వెనక్కి ఆనించి, దూరంగా రోడ్డు చూడమను. డాక్టరు వాంతుల మాత్ర రాస్తే, బస్సెక్కే ముందే వేయాలి. ఘాట్ మొదలయ్యాక వేస్తే అది కూడా కవర్లోకే.

నా మాట వింటే బస్సు మానేసి కిరండూల్ బండి ఎక్కండి. బైలడిల్లా ఇనప రాయి విశాఖ రేవుకి చేర్చడానికి జపాన్ సాయంతో 1960లలో వేసిన లైను అది. కొత్తవలస నుంచి కొండలెక్కుతూ, సొరంగాలు దాటుతూ, అరకు మీదుగా వస్తుంది. రైలు మలుపులు బస్సు మలుపుల్లా ఉండవు, సావకాశంగా తిరుగుతాయి. పిల్లలని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నువ్వు ఎదురు సీట్లో కూర్చుని వాళ్ళ కళ్ళు చూడు. ఒక చెట్టుతో పాటు గుడ్డు వెనక్కి జారుతుంది, టక్కున ముందుకి ఎగిరి ఇంకో చెట్టుని పట్టుకుంటుంది. ఒప్పులకుప్ప ఆగాక చూసిన జారుడు లాంటిదే, కానీ ఈసారి నడిపిస్తున్నది చెవి కాదు, కిటికీలో పరుగెత్తే చెట్లు. ఒకే వేగంతో తిన్నగా పోయే రైల్లో చెవికి చెప్పడానికి ఏమీ ఉండదు, దానికి మార్పే తెలుస్తుంది, సాగడం తెలియదు. చెవి ఊరుకున్న చోట చూపు అందుకుంటుంది. సొరంగంలోకి వెళ్ళగానే ఏమవుతుందో కూడా గమనించు, నాకు ఫోనులో చెప్పు.

మరిదిగారితో చెప్పి టిక్కెట్లు ఇప్పుడే తీయించు, దసరా రోజుల్లో ఆ బండిలో సీటు దొరకడం కష్టం. దానికన్నా ముందు చెవి డాక్టరు అపాయింట్‌మెంటు.